రాజ్యంగారి అలమారా

నమోదు 212
పొగమంచు: నిండుగా. లేతాకు: కావలసినంత.

రాయవే పెట్టే, రాయి. చెప్పింది చెప్పినట్టు రాయి. నిన్న నా దగ్గుని కూడా మాటనుకుని ఎక్కించేశావు. ఈ కొండలు చూసే పరిశోధన పీఠం వాళ్ళు చదివి ఇదేం భాషమ్మా అని అడిగారు.

చుక్కమ్మ ఈనింది! మద్దివారింట్లో మగపిల్లాడు! పొద్దున్నే ఆకు కోయడానికి వెళ్తే కొమ్మ మీద నుంచి నన్నొక చూపు చూసింది. పొట్టకి అడ్డంగా, మొలతాడు కట్టినట్టు, ఒక చిన్న ముద్ద అతుక్కుని ఉంది. గంప అక్కడే పడేసి "వదినా!" అని నేను అరిచిన అరుపుకి కొండంతా ఉలిక్కిపడి ఉంటుంది.

వదినంటే పైడమ్మ, మా ఆయనకి అక్క. ఈ కాపలా మజిలీలో మనుషులంటే మేమిద్దరమే. మా ఆయన కొండ కింద, సముద్రం ఇప్పుడెక్కడిదాకా వచ్చిందో అక్కడ, పంపుల దగ్గరుంటాడు. వారానికోసారి ఉప్పూ పప్పూ మోసుకుని పైకొస్తాడు. మిగతా వాళ్ళంతా సిఫాకాలే. పీఠంలో కొత్తగా చేరి ఇది చదివే పిల్లలెవరైనా ఉంటే వాళ్ళ కోసం చెబుతున్నాను: సిఫాకా అంటే లెమూరు. కోతికి దూరపు చుట్టం. చెట్టు దిగడం నామోషీ, ఆకుంటే వేరే తిండి జోలికి పోదు. దాని దీవి ఎండిపోతే మన వాళ్ళు ఓడల్లో తెచ్చి ఈ కొండల మీద పెట్టారు. చెట్లకి కట్టిన సన్న గొట్టాల్లోంచి వచ్చే పొగమంచుతో ఈ అడవి బతుకుతోంది, అడవితో అవి బతుకుతున్నాయి, వాటితో మేం బతుకుతున్నాం.

వదిన చీపురు చేత్తోనే పరిగెత్తుకొచ్చింది. పైకి చూసి నవ్వింది. తరవాత కళ్ళు చికిలించింది.

"ఏటే నూకా, ఆ పిల్లోడి ఈపు మీద ఆ నలుపేటి?"

నేనూ చూశాను. తల్లి తెలుపు, తండ్రి సుందరం తెలుపు, కొండ మీద అందరూ తెలుపే. పిల్లాడి వీపు మీద మాత్రం, మసిగుడ్డ పెట్టి అద్దినట్టు, నల్లటి మచ్చ.

"దిష్టిచుక్కలే వదినా, దేవుడే పెట్టి పంపాడు" అన్నాను. అన్నానే గానీ గుండె గుభేలుమంది. మా కొండ పట్టు సిఫాకాల పేరున ఉంది. పట్టు సిఫాకా అంటే ఒంటి మీద తెలుపు తప్ప ఇంకో రంగు ఉండకూడదు. ఒక్కో కొండ ఒక్కో జాతికి. జాతి తేలని వాటికి పొగమంచు లేదు.

పిల్లాడికి మసిబాబు అని పేరు పెట్టాం.

నమోదు 219
పొగమంచు: నిండుగా. లేతాకు: కావలసినంత.

తనిఖీకి మనిషి వస్తోందని కబురు. పీఠంలో వర్గీకరణ చూసే అమ్మాయట, పేరు శర్వాణి.

వదిన మొహం చూస్తే అర్థమైంది, ఏదో పన్నాగం పన్నింది. బియ్యప్పిండి జల్లెడ పట్టి పెట్టుకుంది.

"వద్దు వదినా."

"నువ్వుండవే. పెళ్ళిసూపుల్లో మీ అమ్మ నీకు రాసిన పౌడరుతో పోలిస్తే ఇదేపాటి?"

నిచ్చెనేసుకుని ఎక్కింది. చుక్కమ్మ పాపం ఏమీ అనలేదు, వదిన చేతి వాసన దానికి అలవాటే. మసిబాబు వీపుకి వదిన పిండి రాసింది, చక్కగా తెల్లబడింది కూడా. ఈలోగా పై కొమ్మ మీద నుంచి రాజ్యం దిగింది.

రాజ్యం గురించి చెప్పాలి. ఈ కొండకి పెద్దావిడ. చుక్కమ్మకి అమ్మమ్మ. వీళ్ళలో ఆడవాళ్ళదే పెత్తనం. మంచి ఆకు ముందు ఆడవాళ్ళు తినాలి, తరవాతే మగాళ్ళు. ఆడవాళ్ళలోనూ ముందు రాజ్యం తినాలి. పళ్ళన్నీ అరిగిపోయాయి, ఒక కన్ను సరిగా కనపడదు, అయినా ఆవిడ ముద్ద నోట్లో పెట్టుకునేదాకా ఎవరూ కొమ్మ ముట్టరు. అత్తగారంటే అలా ఉండాలని మా వదిన అంటుంది. అలాంటి అత్త నాకు ఉండేదని నేనంటాను, అప్పుడు వదిన మూతి ముడుచుకుంటుంది. ఎందుకంటే మా అత్త ఆవిడ కన్నతల్లి.

సరే, రాజ్యం దిగింది. పిండిని వాసన చూసింది. వదిన చెంప మీద చెళ్ళున ఒక్కటిచ్చింది. తరవాత మునిమనవణ్ణి ఒళ్ళోకి లాక్కుని ఆ పిండంతా శుభ్రంగా నాకేసింది. అదే సమయానికి ఆ శర్వాణి వచ్చి చెట్టు కింద నిలబడింది. మొహమంతా పిండితో నిచ్చెన మీద మా వదిన, పైన నల్లమచ్చతో మసిబాబు, నిచ్చెన పట్టుకుని కింద నేను.

"నమస్కారమండీ, వంట పనిలో ఉన్నట్టున్నారు" అంది ఆ పిల్ల. నవ్వాపుకుంటోందని తెలుస్తూనే ఉంది. అక్కడే నాకు నచ్చేసింది.

నమోదు 221
పొగమంచు: నిండుగా. లేతాకు: కావలసినంత.

శర్వాణి కొండ మీద అందరి దగ్గరా ఒక్కో వెంట్రుక తీసుకుని జాతకాల పెట్టెలో వేసింది. జాతకం అని మేమంటాం. ఒంట్లో ఏ తాత రక్తం ఎంతుందో ఆ పెట్టె చెబుతుంది.

మధ్యాహ్నం ఎండ సైరన్ మోగాక ఎవరూ బయట తిరగలేరు కదా, చల్లగదిలో కూచున్నాం. వర్గీకరణంటే ఏమిటమ్మా అసలు అని అడిగాను. విసుక్కోకుండా చెప్పింది.

"ఇంటిపేరు ఉందనుకోండి పిన్నీ. ఇంద్రి వాళ్ళని ఒక పెద్ద ఇంటిపేరు. అందులో మూడు గడపలు. మొండితోక పెద్ద ఇంద్రి ఒక గడప. చీకటి పడ్డాక తిరిగే ఉన్నిబొచ్చు అవాహి ఇంకో గడప. మన సిఫాకా మూడోది. ఒక్కో గడపలో మళ్ళీ అన్నదమ్ముల వాటాలు. పట్టు సిఫాకా, నల్ల సిఫాకా, ఇంకా కొన్ని. ఆ వాటాల్నే జాతులంటాం."

"ఓస్, ఇంతేనా!" అంది వదిన. "ఇంటిపేర్ల సంగతి మాకు తెలీదా? ఇక్కడున్న ప్రతి ఒక్కళ్ళకీ ఇంటిపేరుంది. మద్దిసెట్టు మీద పడుకునేవోళ్ళు మద్దివారు. నేరేడు మీద పడుకునేవోళ్ళు నేరేడువారు. మాయమ్మ గౌరమ్మ పెట్టింది. ఓడ దిగిన్నాడే పెట్టింది. ఒకే ఇంటిపేరోళ్ళని జత కట్టనిచ్చేది కాదు, తప్పు కదా మరి! సిఫాకాల్లో మగోడే ఆడదాని గుంపులోకొస్తాడు, అంటే ఇల్లరికం. అల్లుడొచ్చాక అల్లుడికీ ఆ ఇంటిపేరే."

శర్వాణి తల ఎత్తింది. "రాజ్యం వాళ్ళమ్మకి ఎవరిని తెచ్చారు?"

వదిన ఉత్సాహంగా చెప్పుకుపోయింది. అప్పట్లో ఈ కొండ మీద ఈడైన మగది ఒక్కటే ఉండేదట. అదీ మద్దిచెట్టు మీదే పడుకునేది. రాజ్యం వాళ్ళమ్మదీ మద్దిచెట్టే. ఒకే ఇంటిపేరు! ఎలా ఇస్తాం? అందుకని అత్త పక్క కొండ మజిలీ వాళ్ళని అడిగి అక్కణ్ణుంచి వేరే ఇంటిపేరు మగదాన్ని తెప్పించి ఇల్లరికం తీసుకుంది. నల్లగా నిగనిగలాడుతూ ఉండేదట ఆ అల్లుడు, పిల్లలు మాత్రం తల్లిలా తెల్లగానే పుట్టారట, ఇప్పుడు కొండంతా వాళ్ళ సంతతే.

"మీరు వద్దన్న ఆ మద్దిచెట్టు మగది, రాజ్యం వాళ్ళమ్మకి చుట్టమా?" అని అడిగింది శర్వాణి.

"కాదమ్మా. అది వేరే ఓడలో వచ్చింది. ఏ సంబంధమూ లేదు."

"పట్టు సిఫాకాయేనా?"

"పాల నురగలాగుండేది."

"దాన్ని వద్దని, పక్క కొండ నుంచి నల్ల సిఫాకాని తెచ్చారు."

"మరి ఇంటిపేరు ఒకటయిపోయింది కదమ్మా!" అంది వదిన. ఇంత చిన్న సంగతి ఈ చదువుకున్న పిల్లకి ఎందుకు ఎక్కడం లేదా అని ఆవిడ బెంగ.

శర్వాణి నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. మేమూ నవ్వాం. తరవాత జాతకాల పెట్టె కూత పెట్టింది. ఆ పిల్ల చదువుకుని, నవ్వు ఆపేసింది.

కొండ మీద పట్టు సిఫాకా ఒక్కటీ లేదు. నల్ల సిఫాకా ఒక్కటీ లేదు. అందరిలోనూ రెండు రక్తాలూ ఉన్నాయి.

నమోదు 224
పొగమంచు: తగ్గించారు. లేతాకు: ఉంది.

పీఠం నుంచి జవాబు వచ్చేసింది. ఎంత తొందరో! జాతి తేలలేదు కాబట్టి పొగమంచు మెట్టు మెట్టుగా తగ్గించి, ఎండలు ముదిరేసరికి ఆపేస్తారట. ఈ నీటి కరువులో జాతి తేలిన వాటికే చాలడం లేదట.

నాకు ఒళ్ళు మండిపోయింది. జాతి తేలకపోతే దాహం వెయ్యదా?

శర్వాణి రెండు రోజులు తిండి సరిగా తినకుండా ఏవేవో చదివింది. ఇవాళ దారి ఒకటుందని చెప్పింది. రెండు రక్తాలూ ఇన్ని తరాలుగా కలిసి, ఒకే మోస్తరుగా స్థిరపడ్డాయట. అందుకని దీన్ని కొత్త జాతి అనొచ్చు. పేరు పెట్టొచ్చు. పేరుంటే కొండ ఉంటుంది, పొగమంచు ఉంటుంది.

"పెట్టెయ్ మరి!" అన్నాం ఇద్దరం ఒకేసారి.

"పేరు ఊరికే పెట్టరు పిన్నీ. పేరు మోసే ఒళ్ళు ఒకటి కావాలి." ఆ పిల్ల గొంతు తగ్గింది. "ఈ జాతంటే ఇదిగో ఇది, అని చూపించడానికి ఒక పెద్ద వయసు జంతువు పీఠం అలమారాలో ఉండాలి. ఎప్పటికీ. రేపెవరికి అనుమానం వచ్చినా ఆ అలమారా తెరిచి పోల్చి చూసుకుంటారు."

"ఉండటమంటే?"

చెప్పక్కర్లేకపోయింది. ప్రాణం పోయాక, ఎండుగడ్డి కూరి, కాలికి చీటీ కట్టి.

ముగ్గురం చెట్టు మీదకి చూశాం. రాజ్యం ఎండ పొడకి పొట్ట పెట్టి, రెండు చేతులూ చాపి, కొమ్మకి ఆనుకుని కూచుంది. పొద్దున్నే ఆవిడకది రోజువారీ వైభోగం.

"ఆవిడ వయసైపోయింది" అంది శర్వాణి మెల్లగా. "నేను ఎవరినీ చంపించను. ఎండలు ముదిరేదాకా గడువు అడుగుతాను. ఈలోగా తనంతట తను..."

వదిన లేచి వెళ్ళిపోయింది. వెళ్తూ కొంగుతో మొహం తుడుచుకుంది.

నమోదు 233
పొగమంచు: సగం. లేతాకు: తగ్గింది.

శర్వాణి గడువు సంపాదించి, ఇంకో కొండ పనికి వెళ్ళింది. గడువు దాటితే పీఠమే ఒక పెద్ద జంతువుని ఎంచుకుంటుందట, లేకపోతే కొండ ఎండుతుంది. రెండే దారులు.

రాజ్యం లేతాకు కూడా నమలలేకపోతోందని నేను రోట్లో కొద్దిగా నలిపి పెడుతున్నాను. ఇన్నాళ్ళూ ఎందుకు చెయ్యలేదో తెలీదు. పోతుందేమో అనుకున్న దగ్గర్నుంచి ఆవిడ మీద ప్రేమ పొంగుకొస్తోంది. కానుగ చిగురు, నేరేడు చిగురు కలిపి నలుపుతాను, ముద్ద చేసి కొమ్మ పంగలో పెడతాను. ఆవిడ దిగి, నా మణికట్టు పట్టుకుని, వేళ్ళ సందుల్లో ఉన్నది కూడా నాకి, నన్ను తోసేస్తుంది.

ఫలితం ఏమిటయ్యా అంటే, ముసల్ది ఒళ్ళు చేస్తోంది! బొచ్చు మెరుస్తోంది. నిన్న మద్ది మీద నుంచి నేరేడు మీదకి ఒక్క దూకు దూకింది, ఎన్నాళ్ళయిందో అలా దూకి. సుందరం అడ్డమొస్తే ఒకటి తగిలించింది.

"దాన్ని బతికిస్తున్నావా, సావాలని కూకున్నావా? ఏదో ఒకటి తేల్సుకో!" అని అరిచింది వదిన.

అరిచాక తనే వెళ్ళి రోలు కడిగిపెట్టింది, రేపటి కోసం.

నమోదు 241
పొగమంచు: సగానికి తక్కువ. లేతాకు: వెతుక్కోవాలి.

చెప్పక తప్పదు. పెట్టెకి కాకపోతే ఇంకెవరికి చెబుతాను?

రోజూ తెల్లారగానే తలుపు తీసి మద్దిచెట్టు వైపు చూస్తాను. ఆవిడ పడుకునే కొమ్మ కింద తోక వేలాడుతుంటుంది. ఆ తోక కదిలితే బతికే ఉన్నట్టు. కదిలిన ప్రతిసారీ ప్రాణం లేచొస్తుంది. ఆ వెంటనే, అమ్మో, ఇవాళ కూడా పోలేదు అనిపిస్తుంది. రెండూ ఒకే ఊపిరిలో వస్తాయి. ఛీ, ఇదేం బతుకు! ఒక ముసలి ప్రాణి ఎప్పుడు పోతుందా అని పొద్దున్నే చెట్టుకేసి చూసే బతుకు.

మసిబాబు ఇప్పుడు తల్లి వీపు మీదకి ఎక్కాడు. నన్ను చూస్తే చెయ్యి చాపుతాడు. కానీ చుక్కమ్మకి ఆకు చాలడం లేదు, పాలు తగ్గాయి. పిల్లాడి పక్కటెముకలు కనిపిస్తున్నాయి. నలిపిన ముద్ద చుక్కమ్మకి కూడా పెట్టాను. రాజ్యం వచ్చి ముందు తను తిని, తరవాత మిగిలింది వదిలింది. పెద్దరికం పెద్దరికమే, కరువొచ్చినా సరే. నాకు కోపం వచ్చింది ఆవిడ మీద. మొదటిసారి. "పోవే ముసలిదానా" అనేశాను. ఆవిడ తల పక్కకి వంచి నన్ను చూసింది, ఆ మంచి కన్నుతో.

పొద్దంతా అన్నం సహించలేదు. వదిన మజ్జిగ కలిపి చేతికిచ్చి, పక్కనే కూచుంది.

నమోదు 248
పొగమంచు: పేరుకే. లేతాకు: లేదు, ముదురాకే.

శర్వాణి వచ్చింది. చేతిలో పెట్టె ఉంది. చిన్నది, తెల్లది, లోపల చల్లగా పొగలొస్తూ. ఎవరినో అందులో పెట్టి తీసుకెళ్ళడానికి.

"పీఠం వాళ్ళు చుక్కమ్మని ఎంచారు" అంది. "పెద్దది, ఆరోగ్యంగా ఉంది అని. నేను కాదని పోట్లాడాను. రాజ్యాన్నయితే ఒప్పుకుంటామన్నారు. నిద్రలోనే పిన్నీ, సూది, ఏమీ తెలీదు..."

చుక్కమ్మని తీసుకుంటే మసిబాబు దక్కడు. అది చెప్పక్కర్లేదు కూడా. పాలు తాగే పిల్లాడు.

ఇంత లెక్క తెలిసి కూడా నా కాళ్ళు నన్ను అడక్కుండానే మద్దిచెట్టు మొదలు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాయి. పక్కన చూస్తే వదిన. చీపురు పట్టుకుని.

"రాదు" అన్నాను. "రాజ్యం ఎక్కడికీ రాదు."

"మరి పేరు?" అంది శర్వాణి.

"పేరు కావాలి. అదీ కావాలి, ఇదీ కావాలి! అడగనియ్ నన్ను." ఏం మాట్లాడుతున్నానో నాకే తెలీలేదు. "ఈ ఇంట్లో పిల్లని అత్తారింటికి పంపే ఆచారం లేదమ్మాయ్. ఎప్పుడూ లేదు. మద్దివారి ఆడపిల్ల చెట్టు దిగి ఎవరింటికీ వెళ్ళదు. కావాలన్నవాడే వస్తాడు. మీ పీఠానికి అంత కావాలంటే మీ పీఠాన్నే రమ్మను. ఇల్లరికం!"

అన్నాక ఏడుపొచ్చింది. వదిన నా భుజం మీద చెయ్యి వేసి, "అదీ మాట" అంది.

అప్పుడే మధ్యాహ్నం సైరన్ మోగింది. ముగ్గురం చల్లగదిలోకి పరిగెత్తాం. ఎండ తలుపు మీద పడి చిటపటలాడుతోంది. వదిన చింతపండు పులిహోర పెట్టింది. కోపం వచ్చినా, చావొచ్చినా ఆవిడ పులిహోరే కలుపుతుంది.

ఆ పిల్ల, నోట్లో ముద్దతోనే, "అత్తారింటికి వెళ్ళదు" అంది. తనలో తనే అనుకుంటోంది. తరవాత గబగబా తెరపలక తీసి నియమాలు చదవడం మొదలుపెట్టింది. పైకే చదివింది, మాకూ వినిపించేలా. పేరు మోసే ఒళ్ళు పీఠం అధీనంలో ఉండవలెను. నంబరు గల అలమారాలో ఉండవలెను. అలమారా ఎల్లప్పుడూ చల్లగా, తేమగా ఉండునట్లు పీఠమే చూడవలెను. పురుగు పట్టకుండా చూడవలెను. సంరక్షకులొకరు దగ్గర ఉండవలెను.

"చచ్చి ఉండవలెను అని రాశారా?" అంది వదిన.

శర్వాణి మళ్ళీ చదివింది. ఇంకోసారి చదివింది.

"లేదు పెద్దమ్మా" అంది. "రాయలేదు. రాయాలని ఎవరికీ తోచి ఉండదు."

నమోదు 249
పొగమంచు: పేరుకే. లేతాకు: లేదు.

ఎండ తగ్గాక మద్దిచెట్టుకి రేకు కట్టాం. మేకు కొట్టనివ్వలేదు వదిన, చెట్టుకి నొప్పని. గుడ్డపేలికలతో కట్టాం. రేకు మీద పీఠం ముద్ర, అలమారా నంబరు: ఇంక ఆ చెట్టే రాజ్యంగారి అలమారా. ముడులు శర్వాణే వేసింది. ఉద్యోగం పోతుందేమోనని నేనంటే, "పోతే మీ దగ్గర ఆకు కోస్తాను" అంది.

"నీకంత తేలికనుకున్నావేటి ఆకు కొయ్యడం!" అని వదిన దబాయించింది. ముద్దొచ్చినప్పుడే ఆవిడ అలా దబాయిస్తుంది.

అలమారా అంటే చెట్టొక్కటే కాదట. దాని నీడా, వేళ్ళూ, దాని పొరుగు చెట్ల వేళ్ళూ కలిసిపోయి ఉన్నాయి కాబట్టి కొండంతా ఒక్క అలమారాయే అని పీఠానికి రాసింది. గట్టి పిల్ల. రాజ్యం దిగి వచ్చి, రేకు వాసన చూసి, ఒళ్ళు దానికి రుద్ది తన వాసన అంటించి, వెళ్ళిపోయింది.

ఇంకొకటి మిగిలింది. పేరు.

నేను మద్ది సిఫాకా అన్నాను. వదిన మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోతే ఏదో ఉందన్నమాట. గుచ్చి గుచ్చి అడిగితే, "మాయమ్మే కదే ఈ సంబంధం కుదిర్సింది" అంది, నేల చూపులు చూస్తూ. "అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావు."

నిజమే, నవ్వాను. మా అత్త గౌరమ్మ నా వంటలో ఉప్పు దగ్గర్నుంచి నా నడక దాకా వంక పెట్టని రోజు లేదు. అయినా ఈ కొండ మీద ఇన్ని ప్రాణాలున్నాయంటే ఆవిడ చాదస్తం వల్లనే.

"గౌరమ్మ సిఫాకా అని రాయమ్మాయ్" అన్నాను.

వదిన నన్ను పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది.

నమోదు 255
పొగమంచు: లేదు. లేతాకు: లేదు.

జవాబు లేదు. గొట్టాలు పొడిగా ఉన్నాయి. మసిబాబు చెయ్యి చాపడం మానేశాడు, కళ్ళు మాత్రం తిప్పుతున్నాడు. మా ఆయన పంపుల దగ్గర నుంచి బిందెలతో నీళ్ళు మోసుకొచ్చి మద్ది మొదట్లో పోశాడు. శర్వాణి కిందికి దిగకుండా మాతోనే ఉంది, విరిగిపడ్డ కొమ్మల్లో పచ్చగా ఉన్నది ఏరి తెస్తోంది. నేను నలుపుతున్నాను. వదిన ముద్దలు పెడుతోంది.

రాజ్యం ముద్ద దగ్గరికి వచ్చింది. ముందు తనే తింది. ఎప్పటిలాగే. తిననీ అనుకున్నాను. ఇంక పోరాడుతున్నది ఆవిడొక్కదాని కోసమో, పిల్లాడి కోసమో నాకు వేరు చేసి తెలియడం లేదు.

నమోదు 257
పొగమంచు: వచ్చింది.

వచ్చింది వచ్చింది వచ్చింది! రాయి పెట్టే, మూడుసార్లూ రాయి!

పొద్దున్నే గొట్టాలు దగ్గినట్టు చప్పుడు చేసి, తుమ్మి, తెల్లగా వదిలాయి. వదిన వాకిట్లో నిలబడి జుట్టు విప్పుకుని తడిసింది, ఈ వయసులో. చుక్కమ్మ ఆకు మీది నీళ్ళు నాకింది. మసిబాబు కూడా నాలుక బయటపెట్టాడు.

వెనకాలే పీఠం ఉత్తరువు. గౌరమ్మ సిఫాకా, ఇంద్రి కుటుంబం, సిఫాకా గడప, కొత్త జాతి. పేరు మోసే ఒళ్ళు: రాజ్యం, ఆడ, సజీవం. కింద మూడు ప్రశ్నలు పంపారు. అలమారా తలుపు ఏ దిక్కుకి తెరుచుకుంటుంది అన్నది మొదటిది. "అన్ని దిక్కులకీ" అని రాసింది శర్వాణి. అలమారా ఎత్తెంత అంటే "పెరుగుతోంది" అని రాసింది. సంరక్షకులెవరు అంటే తన పేరే రాసుకుంది. అంటే ఆ పిల్ల ఇంక ఇక్కడే ఉంటుంది. వదిన అప్పుడే పెరటి గది ఊడ్చి పరుపు దులుపుతోంది.

"పెద్దావిడ పోయాక?" అని నేనే అడిగాను. అడగాలి కదా.

"అలమారాలోంచి తియ్యకూడదు పిన్నీ, నియమం. ఆ చెట్టు కిందే ఉంటుంది."

నమోదు 258
పొగమంచు: నిండుగా. లేతాకు: వస్తుంది, కొంచెం ఓపిక పట్టాలి.

ఇవాళ తెల్లారి తలుపు తీశాను. అలవాటుగా మద్దిచెట్టు వైపు చూశాను. మంచులో ముందు ఏమీ కనపడలేదు. తరవాత కొమ్మ కింద తోక కనపడింది. చూస్తూ నిలబడ్డాను. కదిలింది.

ప్రాణం లేచొచ్చింది. ఆ వెనకాల రావలసిన ఆ రెండో ఆలోచన కూడా వస్తుందేమోనని భయపడుతూ అక్కడే నిలబడ్డాను, చాలాసేపు.

రాలేదు. ఉత్త సంతోషమే.

లోపలికెళ్ళి రోలు ముందేసుకున్నాను. ఆవిడకి ఆకలేస్తూ ఉంటుంది.